ఆడిటర్ ఆగస్టులో వచ్చాడు

దరఖాస్తులో పదిహేడో ప్రశ్న:
పథకం ముగిశాక మిగిలే స్థిరాస్తి ఏది?
ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన అనార్‌కుల్
పెన్ను మూత తీసి, పెట్టి, మళ్లీ తీసి
"మంచు" అని రాసింది.
కొట్టేసి "నీళ్లు" అని రాసింది.
అదీ కొట్టేసి చివరికి
"ఇనుప గొట్టాలు, రెండు కిలోమీటర్లు" అంది.
అబద్ధం కాదు. అసలు సంగతీ కాదు.

బాత్కెన్ కొండల్లో మా ఊరికి పైన
ఒకప్పుడు హిమానీనదం ఉండేది.
ఇప్పుడు అక్కడ దాని పేరుంది, అంతే.
జూన్‌లో ఊట సన్నబడితే
గొర్రెలు రాళ్లు నాకేవి.
రాత్రి నీటి వంతుల దగ్గర
పారలు పైకి లేచేవి,
ఒకే తాత మనవళ్ల మధ్య.
నా కనుబొమ్మ మీది గీత అప్పటిదే.

ఎక్కడో దూరదేశపు నిధి
నూటికి డెబ్బై ఇస్తానంది, తిరిగివ్వక్కర్లేదంది.
మిగతా ముప్పై ఊరి వాటా.
ఊరి దగ్గరేముంది?
పట్నంలో చిన్న రుణాల ఆఫీసు బల్ల మీద
పదకొండు మందిమి వరసగా కూర్చున్నాం,
ఒకరికొకరం పూచీ.
వడ్డీ నూటికి పద్దెనిమిది.
సపరాలీ తన గోధుమరంగు ఆడగుర్రాన్ని తాకట్టు రాశాడు.
సంతకం చేస్తూ అడిగాడు:
"ఉచితం డబ్బూ అప్పు డబ్బూ ఒకే గొట్టంలో పోస్తున్నారే,
ఏ చుక్క దేనిదో ఎలా తెలుస్తుంది?"
ఆఫీసు అమ్మాయి నవ్వలేదు. ముద్ర కొట్టింది.

డిసెంబరులో గొట్టం మూతి ఆకాశానికి తిప్పాం.
ఊటనీరు పైకి చిమ్మి
నేలకు రాకముందే గడ్డకట్టేది.
మొదటి వారం మోకాలెత్తు.
కొత్త సంవత్సరానికి మసీదు గోడంత.
ఫిబ్రవరికి పద్నాలుగు మీటర్లు.
పిల్లలు దానికి లావత్త అని పేరు పెట్టి
సాయంత్రాలు వెళ్లి పలకరించేవాళ్లు.
ఓ రాత్రి గొట్టం బిగుసుకుపోతే
బురుల్‌కాన్ పొగలు కక్కే సమోవార్ ఎత్తుకుని
ఒక్కతే కొండెక్కింది.
ఆమె చిటికెనవేలి కొస ఇప్పటికీ నల్లగానే ఉంటుంది.
ఖర్చుల పట్టికలో దానికి గడి లేదు.

తర్వాత ఎండ వచ్చింది. మిగతాది మీకు తెలుసు.

ఆడిటర్ ఆగస్టులో వచ్చాడు.
కొత్త బూట్లు, మెడలో కెమెరా, చంకలో ఫైలు.
"ఆస్తి ఎక్కడ?" అన్నాడు.
అనార్‌కుల్ తడి గులకరాళ్లు చూపించింది.
గులకరాళ్ల ఫొటో తీశాడు.
"పద్నాలుగు మీటర్లని రాశారు?"
"తాగేశారు."
"ఎవరు?"
ఆమె చెయ్యి చాపింది.
వాలులో నాలుగొందల గొర్రెలు,
తలలు దించి, ఎవరినీ లెక్కచేయకుండా.
కింద ఖుబానీ చెట్లు, కొమ్మలకు ఊతకర్రలతో.
కాలవ గట్టున రెండు పారలు, కర్రలు ఆకాశానికి,
వాటి నీడలో వాటి యజమానులు నిద్రపోతున్నారు,
ఒకరి కాలు మరొకరి మీద.

అతను పెన్ను మూత తీసి, పెట్టి, మళ్లీ తీశాడు.
ఆ తచ్చాట ఆమెకు తెలుసు.
ఏడో తరగతిలో నాకు భిన్నాలు చెప్పిన గొంతుతో అంది:
"రాసుకో నాయనా.
చలికాలం దగ్గర తెచ్చిన అసలు
వేసవికి పూర్తిగా చెల్లు.
మిగిలిందంటే మోసం చేసినట్టు."

రాశాడో లేదో తెలీదు.
టీ తాగాడు, రెండు గిన్నెలు.
జేబుల్నిండా ఖుబానీలు పోస్తే వద్దనలేదు.

సెప్టెంబరులో గొర్రెపిల్లల్ని అమ్మి
రెండు వాయిదాలు కట్టాం. ఇంకా మూడున్నాయి.
తాకట్టులో ఉన్న గుర్రం ఈమధ్యే ఈనింది.
పత్రంలో గుర్రం ఉంది, పిల్ల లేదు.
ఆ సంగతి ఆఫీసుకి
మేం పదకొండు మందిలో ఎవరమూ చెప్పలేదు.